బొటనవేలి కీలు ఆపరేషన్ అయి 5 నెలలు: నొప్పి, బిగుసుకుపోవడం ఇంకా తగ్గలేదు. మీకెలా తగ్గింది?

నీలిగువ్వ (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. నాకు 54 ఏళ్లు. కుడి బొటనవేలి మొదట్లో, మణికట్టు దగ్గర ఉండే కీలు బాగా అరిగిపోయింది. స్ప్లింట్ (వేలు కదలకుండా పట్టి ఉంచే పట్టీ), ఇంజెక్షన్లు, మాత్రలు అన్నీ అయ్యాక ఆపరేషన్ చేయించుకున్నాను. ట్రపీజియం అనే చిన్న ఎముక తీసేసి, ముంజేతిలోంచి టెండన్‌లో (కండని ఎముకకి కలిపే తాడులాంటిది) కొంత భాగం తెచ్చి, చుట్టలా చుట్టి ఆ ఖాళీలో పెట్టారు. 5 వారాలు కట్టు, ఆ తర్వాత ఇంకో నెల స్ప్లింట్. ఇప్పటికి సరిగ్గా 5 నెలలు.

ఆపరేషన్‌కి ముందు ఎముకా ఎముకా రాసుకున్నట్టు ఉండే ఆ నొప్పి పోయింది, అది నిజం. కానీ దాని బదులు వేరే నొప్పులు వచ్చాయి. పొద్దున్నే బొటనవేలు కొయ్యబారిపోయి ఉంటుంది. తడి తువ్వాలు పిండితే మణికట్టు లోపలివైపు పీకుతుంది. చొక్కా చేతి అంచు మచ్చకి తగిలితే చాలు, మంట.

నిన్న ఆఫీసుకి బయలుదేరుతూ చొక్కా బొత్తాలు పెట్టుకుంటున్నాను. నాలుగో బొత్తం అంచు కాజాలోకి సగం దూరింది, మిగతా సగాన్ని బొటనవేలితో నెట్టాలి. నెట్టబోతే వేలు మధ్యలో వెనక్కి విరిగినట్టు వంగిపోయింది, బొత్తం బయటికి జారింది. మూడుసార్లు అలాగే అయింది. మంచం మీద కూర్చుని ఏడ్చేశాను.

ఆపరేషన్ చేసినచోట “ఆరు వారాల్లో మామూలైపోతారు” అన్నారు. నాకేమైనా తేడా చేసిందా? మీలో ఎవరికైనా ఇలా ఉందా? దయచేసి చెప్పండి.

---

పాత_టైపిస్టు

నీలిగువ్వ గారూ, ముందు కాస్త ఊపిరి పీల్చుకోండి. నాకు రెండేళ్ల కిందట ఇదే ఆపరేషన్ అయింది. అయిదో నెలలో నేనూ మీలాగే అనవసరంగా చేయించుకున్నానని రాత్రుళ్లు బాధపడేదాన్ని.

ఆరు వారాలన్నది కట్టు విప్పే గడువండీ, నొప్పి పోయే గడువు కాదు. ఆ మాట వివరంగా చెప్పకపోవడం వల్ల ఎంతమంది కుమిలిపోతున్నారో! నా లెక్క ఇలా సాగింది. మూడో నెలకి గ్లాసు పట్టుకోగలిగాను. ఆరో నెలకి పెన్ను పట్టుకుని అరపేజీ రాశాను. తొమ్మిదో నెలలో ఒకరోజు, పొద్దుటి నుంచి చెయ్యి గురించి ఒక్కసారి కూడా ఆలోచించలేదని సాయంత్రం గుర్తొచ్చింది. పట్టు పూర్తిగా రావడానికి ఏడాది దాటింది. ఇప్పటికీ చల్లటి రోజుల్లో కొంచెం సలుపుతుంది.

అలాగని ఏడాది అయ్యాక అదే తగ్గుతుందని ఊరుకోకండి. మీరు చెప్పినవన్నీ ఒకే నొప్పిలా లేవు.

---

చేతిపని

నాకు 7 నెలలు. కట్టు విప్పాక భయంతో మూడు నెలలు వేలు కదపలేదు, ఫిజియోకి కూడా వెళ్లలేదు. ఇప్పుడు బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య చర్మం, కండ బిగుసుకుపోయి పెద్ద సీసా చేతిలో పట్టదు. నాలాగా చేయకండి అక్కా.

---

కీలుమడత (హ్యాండ్ థెరపిస్ట్)

నేను 16 ఏళ్లుగా చేతి ఆపరేషన్లు అయినవారితోనే పనిచేస్తున్నాను. చూడకుండా ఇక్కడినుంచి జబ్బు తేల్చలేను, తేల్చకూడదు కూడా. కానీ నా దగ్గరికి వచ్చిన ప్రతివారికీ మొదటిరోజు చెప్పేది మీకూ చెప్తాను. “నొప్పి” అని ఒక్క మాటతో సరిపెట్టకండి. ఎక్కడ, ఎలాంటిది, ఏం చేస్తే వస్తుంది, ఎంతసేపు ఉంటుంది, ఈ నాలుగూ ఒక వారం పాటు రాసిపెట్టండి. ఎందుకంటే ఈ ఆపరేషన్ తర్వాత మిగిలే నొప్పులు చాలా రకాలు, దేని మందు దానిదే.

మీరు రాసిన వాటినే తీసుకుందాం.

పొద్దుటి బిగుతు మామూలే. వాపు కంటికి కనిపించకపోయినా లోపల నెలల తరబడి ఉంటుంది, రాత్రంతా కదలక అది ఒక్కచోట చేరుతుంది. లేవగానే గోరువెచ్చటి నీళ్లలో చెయ్యి 5–10 నిమిషాలు ఉంచి, నీళ్లలోనే వేలిని మెల్లగా తిప్పండి. ఆ తర్వాతే పనులు.

మచ్చ దగ్గర మంట ఎక్కువగా నరానిది. బొటనవేలి వీపు మీదికి వెళ్లే రేడియల్ నరం కొమ్మలు సరిగ్గా అక్కడ కోత పెట్టే జాగాలోనే ఉంటాయి. ఆపరేషన్‌లో వాటిని పక్కకి జరపాల్సి వస్తుంది, తర్వాత మచ్చలో చిక్కుకోవచ్చు కూడా. మచ్చ మీద వేలితో తడితే జివ్వుమని బొటనవేలి కొసదాకా పాకుతుందా? అలా అయితే ఆ సంగతి సర్జన్‌కి తప్పకుండా చెప్పండి. చాలామంది ఆ చోటు తగలకుండా చేతిని దాచుకుంటారు. దాంతో నరం ఇంకా సున్నితమైపోతుంది. తగిలించడమే దానికి వైద్యం. మొదట దూదితో, అది ఇబ్బంది లేదనిపించాక మెత్తటి గుడ్డతో, తర్వాత తువ్వాలుతో, ఆ పైన ఉన్నితో రుద్దాలి. రెండు మూడు నిమిషాలు, రోజుకి నాలుగైదుసార్లు. పుండు పూర్తిగా మానిన మచ్చ మీదే సుమా.

మణికట్టు లోపలివైపు పీకడం, టెండన్ తీసుకున్న చోటుది కావచ్చు. గట్టిగా పిండటం, మెలితిప్పడం కొన్నాళ్లు ఆపితే తరచుగా నెమ్మదిస్తుంది.

ఇక బొత్తం సంగతి. వేలు మధ్యలో వెనక్కి వంగిపోయింది అన్నారే, నాకు అన్నిటికంటే అదే ముఖ్యంగా అనిపించింది. మీ బొటనవేలి నడిమి కీలు వదులుగా ఉందేమో. అలా ఉంటే నొక్కిన ప్రతిసారీ అది వెనక్కి పోతుంది, దాని కింద ఉండే బొటనవేలి మొదటి ఎముక అరచేతిలోకి కూలబడుతుంది, బాగుచేసిన చోటే భారం పడుతుంది. దీన్ని చూపించుకోవాలి.

ఆపరేషన్ వల్ల కాకుండా పక్కనే ఉండే వేరే కారణాలు కూడా ఉంటాయి. వేలు మడిచి తీస్తే టక్‌మని ఇరుక్కుని వదలడం, రాత్రి బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి మెలకువ రావడం, మణికట్టు బొటనవేలి వైపు అంచున ముట్టుకుంటే నొప్పి, ఇలాంటివి ఉన్నాయేమో చూసుకోండి.

---

నీలిగువ్వ

కీలుమడత గారూ, మీరు రాసింది చదువుతూ మచ్చ మీద తట్టి చూశాను. నిజంగానే జివ్వుమని గోరుదాకా పాకింది! ఇన్నాళ్లూ కీలులోనే ఏదో చెడిందనుకుని భయపడుతున్నాను. రాత్రి తిమ్మిర్లు లేవు. టక్‌మనడం లేదు. ఈరోజు నుంచే నోటుబుక్కులో రాస్తాను.

ఒక్క అనుమానం. బలం రావాలని మెత్తటి బంతి ఒకటి తెచ్చి రోజూ పిసుకుతున్నాను. అది మంచిదేనా?

---

ఎడమచేతివాటం

బంతి మాట ఎత్తారు కాబట్టి నా అనుభవం చెప్తానండీ. నేను తొమ్మిదో వారంలోనే గట్టి బంతి తీసుకుని రోజుకి వంద చొప్పున పిసికాను. పట్టుదల ఉంటే త్వరగా బాగవుతుందని నమ్మాను. పదోరోజుకి బొటనవేలి మొదలు ఉబ్బిపోయి మళ్లీ స్ప్లింట్‌లోకి వెళ్లాల్సి వచ్చింది. నెల వెనక్కి పోయాను.

అప్పుడు మా థెరపిస్ట్ ఒక లెక్క చెప్పారు. వేళ్ల కొసలతో ఒక కిలో బలంతో చిటికె పడితే, బొటనవేలి మొదటి కీలు మీద దాదాపు 12 కిలోల భారం పడుతుందట. గట్టి పట్టు పడితే అది 120 కిలోల దాకా పోతుందట. 1977లో కొలిచి చెప్పిన లెక్కలట ఇవి. అది విన్నాక నా వంద పిసుకుళ్లు గుర్తొచ్చి కళ్లు తిరిగాయి. మన కీలు అరిగింది కూడా ఏళ్ల తరబడి ఆ భారం మోసే కదా.

---

కీలుమడత (హ్యాండ్ థెరపిస్ట్)

ఎడమచేతివాటం గారు చెప్పింది అక్షరాలా నిజం. నీలిగువ్వ గారూ, నడిమి కీలు సంగతి తేలేదాకా బంతి పక్కన పెట్టండి. బంతి పిసికితే బొటనవేలిని అరచేతిలోకి లాగే కండ బలపడుతుంది. మీకది ఇప్పటికే ఎక్కువగా బిగిసి ఉంటుంది. మీకు కావలసింది వేలిని బయటికి తెరిచి నిలబెట్టే కండ.

దానికి ఇవి చాలు. ఒక గుండ్రటి డబ్బాని మెత్తగా పట్టుకున్నట్టు చేతిని అర్ధచంద్రాకారంలో ఉంచి, ఐదు లెక్కపెట్టి వదలండి. డబ్బా లేకుండా గాలిలోనే. తర్వాత బొటనవేలి కొసా చూపుడు వేలి కొసా కలిపి సున్నా చుట్టండి. ఆ సున్నా గుండ్రంగా ఉండాలి, బొటనవేలి నడిమి కీలు కొద్దిగా ముందుకి వంగి ఉండాలి. సున్నా నొక్కుకుపోయినట్టు చదునుగా అయితే కీలు వెనక్కి పోతోందన్నమాట, అక్కడితో ఆపండి. మూడోది, చూపుడు వేలికి రబ్బరు బ్యాండు వేసి, దాన్ని బొటనవేలి వైపుకి మెల్లగా జరపడం. చూపుడు వేలికి సంబంధించినదని దీన్ని చాలామంది వదిలేస్తారు. కానీ ఆ కండే బొటనవేలి మొదటి ఎముకని పక్కకి జారకుండా పట్టి ఉంచుతుంది.

ఒక్కోటి పదిసార్లు, రోజుకి మూడు పూటలు. చేసిన తర్వాత నొప్పి కొంచెం పెరగొచ్చు. అది గంటా రెండు గంటల్లో సర్దుకుంటే పరవాలేదు. మర్నాటి పొద్దుటికీ ఉంటే నిన్న ఎక్కువ చేశారని అర్థం, సగానికి తగ్గించండి. ఈ ఒక్క సూత్రం పట్టుకుంటే ఎక్కడా తప్పు జరగదు.

కదలిక ఎంత వచ్చిందో చూసుకోవడానికి మేం వాడే కొలత కూడా చెప్తాను, కపాంజీ కొలత అంటారు. బొటనవేలి కొసతో చూపుడు వేలి కొసని తాకితే 3, మధ్యవేలి కొసకి 4, ఉంగరపు వేలికి 5, చిటికెన వేలికి 6. అక్కడినుంచి చిటికెన వేలి గీతల మీదుగా కిందికి దిగుతూ దాని మొదట్లోని గీత తాకితే 9, ఇంకా దిగి అరచేతిలోని పైగీత తాకితే 10. నెలకోసారి రాసుకోండి. రోజూ చూసుకుంటే దిగులే మిగులుతుంది.

---

నీలిగువ్వ

ఇప్పుడే చూశాను, 5. చిటికెన వేలికి అందడం లేదు.

---

రాత్రిబండి

ఇక్కడ చదువుతున్న వేరేవాళ్ల కోసం ఒక మాట. నాది ఎముక తీసేసే ఆపరేషన్ కాదు, కీలుని కలిపి అతికించేసిన ఫ్యూజన్. బరువులు ఎత్తే పని కాబట్టి అదే మంచిదన్నారు. పట్టు బాగుంది, కానీ అరచేయి బల్ల మీద పూర్తిగా చదునుగా ఆనదు, ఎప్పటికీ ఆనదు. అది బిగుసుకుపోవడం కాదు, ఆపరేషన్ స్వభావమే అంత. నేను అది తెలియక ఆరు నెలలు చేతిని బల్లకేసి నొక్కుతూ కూర్చున్నాను. కాబట్టి మీకు ఏ ఆపరేషన్ అయిందో కాగితం మీద రాయించుకోండి. ఎముక తీసినవారి వ్యాయామాలు, కృత్రిమ కీలు పెట్టినవారివి, అతికించినవారివి ఒకటి కావు.

---

అమ్మకోసం

క్షమించాలి, మధ్యలో వస్తున్నాను. మా అమ్మకి ఇదే ఆపరేషన్ అయి 7 వారాలైంది. కట్టు విప్పి వారం. చెయ్యి మొత్తం వాచి, చర్మం నున్నగా మెరుస్తోంది. ఒక్కోసారి ఎర్రగా, వేడిగా, ఒక్కోసారి నీలంగా, చల్లగా అవుతోంది. అరచేతికి చెమటలు. దుప్పటి తగిలినా కేక పెడుతోంది. బొటనవేలే కాదు, మిగతా వేళ్లు కూడా మడవలేకపోతోంది. “ఓపిక పట్టండి, తగ్గుతుంది” అని ఫోన్‌లో అన్నారు. ఓపిక పట్టాలా?

---

కీలుమడత (హ్యాండ్ థెరపిస్ట్)

వద్దమ్మా, ఓపిక పట్టకండి. రేపే తీసుకెళ్లండి. ఫోన్‌లో కాదు, చెయ్యి చూపించండి. ఇప్పుడు మీరు రాసినట్టే ఒక కాగితం మీద రాసి చేతికివ్వండి. ఇన్‌ఫెక్షన్ కాదని ముందు చూడాలి. అది కాకపోతే సీఆర్‌పీఎస్ అనే నొప్పి జబ్బు కావచ్చు. జరిగిన దెబ్బకి మించిన నొప్పి, రంగు మారడం, వేడి చల్లదనం మారడం, చెమట, వాపు, ఇవన్నీ కలిసి వస్తాయి. ఎంత త్వరగా మొదలుపెడితే వైద్యం అంత బాగా పనిచేస్తుంది. జ్వరం గానీ, కుట్ల దగ్గర చీము గానీ ఉంటే రేపటిదాకా కూడా ఆగకండి.

ఈలోగా చేతిని గుండెకంటే ఎత్తులో దిండు మీద పెట్టండి. భుజం, మోచెయ్యి కదుపుతూ ఉండమనండి. వేళ్లని బలవంతంగా వంచకండి. ఆవిడ నొప్పిని ఎవరూ “భయం” అని కొట్టిపారేయనివ్వకండి.

---

చేతిపని

అమ్మకోసం గారూ, వెళ్లొచ్చాక ఒక ముక్క రాయండి. మనసంతా అక్కడే ఉంది.

---

పాత_టైపిస్టు

రోజువారీ పనుల గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తాను. నన్ను నిజంగా నిలబెట్టినవి ఇవే.

చిటికె పట్టుని వీలైనంత వరకు అరచేతి పట్టుగా మార్చుకోవడం అసలు కిటుకు. సన్నవి వదిలేసి లావువి పట్టుకోండి. పెన్నుకి, టూత్‌బ్రష్‌కి, చాకు పిడికి ఫోమ్ గొట్టం తొడిగాను. అంతే, సగం నొప్పి తగ్గింది. జిప్పుకి తాడు కట్టి ఒక ఉచ్చులా చేసి, అందులో చూపుడు వేలు దూర్చి లాగుతాను. సీసా మూత తీయాలంటే కింద జారని రబ్బరు షీటు వేసి, మూత మీద అరచెయ్యి ఆనించి ఒళ్లంతా తిప్పుతాను, వేళ్లతో కాదు. తాళంచెవి చిన్నది, వేళ్ల మధ్య అదిమి పట్టుకుని తిప్పాలి, ఆ పట్టే మనకి శత్రువు. దానికి ఒక పొడవాటి పిడి బిగించుకున్నాను. తువ్వాలు పిండను, కుళాయి గొట్టానికి చుట్టి రెండు కొసలూ లాగుతాను.

ఫోన్ మాత్రం మరీ కష్టం. ఒక చేత్తో పట్టుకుని అదే చేతి బొటనవేలితో టైపు చేయడం పూర్తిగా మానేశాను. బల్ల మీద స్టాండులో పెట్టి చూపుడు వేలితో కొడతాను, పెద్ద మెసేజీలైతే నోటితో చెప్పి టైపు చేయిస్తాను. ఇదంతా కూడా అలాగే రాశాను.

స్ప్లింట్ గురించి కూడా. అది రోజంతా వేసుకుంటే చెయ్యి బిగుసుకుపోతుంది, అసలు మానేస్తే బరువు పనుల్లో దెబ్బ తింటుంది. బరువు పని ఉన్నప్పుడూ, నొప్పిగా ఉన్న రాత్రీ మాత్రమే వేసుకునేదాన్ని.

---

ఎడమచేతివాటం

మాత్రల సంగతి ఎవరైనా చెప్తారా? నేను నొప్పి మాత్రలు రోజూ వేసుకుంటున్నాను, భయంగా ఉంది.

---

కీలుమడత (హ్యాండ్ థెరపిస్ట్)

మాత్రలు నా పని కాదు, మీ డాక్టరుదే. రెండు విషయాలు మాత్రం చెప్పగలను. వాపు తగ్గించే నొప్పి మాత్రలు చాలాకాలం వాడితే కడుపుకీ, కిడ్నీకీ, బీపీకీ ఇబ్బంది రావచ్చు. సొంతంగా కొనసాగించకండి. రెండోది, మంట, జివ్వుమనడం నరానివైతే ఆ మాత్రలు పెద్దగా పనిచేయకపోవచ్చు. నరాల నొప్పికి వేరే మందులుంటాయి. ఎలాంటి నొప్పో చెప్పి అడగండి.

---

అమ్మకోసం

వెళ్లొచ్చామండీ. ఇన్‌ఫెక్షన్ లేదు. సీఆర్‌పీఎస్ మొదటి దశ అన్నారు. మందులు మార్చారు, రోజు విడిచి రోజు థెరపీ. అద్దం పెట్టి బాగున్న చెయ్యిని కదుపుతూ అద్దంలో చూడమంటున్నారు. అమ్మ మొదట నమ్మలేదు. రెండో వారంలో నిన్న మధ్యవేలు తనంతట తాను మడిచింది. మీరు “రేపే” అనకపోయి ఉంటే మేం ఇంకో నెల ఆగేవాళ్లం.

---

నీలిగువ్వ (7 వారాల తర్వాత)

ఇన్నాళ్లూ రాయనందుకు ఏమీ అనుకోకండి. రాయడానికి ఏదైనా ఉన్నాకే రాద్దామనుకున్నాను.

నోటుబుక్కు పట్టుకుని సర్జన్ దగ్గరికి వెళ్లాను. ఎక్స్‌రేలో మొదటి ఎముక తన జాగాలోనే ఉంది, కొంచెం కిందికి దిగింది కానీ అది ఎదురుచూసేదే అన్నారు. కీలులో తప్పేం జరగలేదు. నడిమి కీలు మాత్రం నిజంగానే వదులుగా ఉంది. చిటికె పడితే 25 డిగ్రీలు వెనక్కి పోతోంది. దానికి ఎనిమిది అంకెలా ఉండే చిన్న స్ప్లింట్ ఇచ్చారు, వేలు ముందుకి వంగుతుంది, వెనక్కి పోదు. ముందు వ్యాయామాలతో చూద్దాం, చాలకపోతే అప్పుడు ఆలోచిద్దాం అన్నారు. నరం మచ్చలో చిక్కుకుంది కానీ తెగలేదు. దూది, గుడ్డ, తువ్వాలు అయ్యాయి. ఉన్ని ఇంకా చురుక్కుమంటుంది. కానీ చొక్కా అంచు తగిలితే ఉలిక్కిపడటం మానేశాను.

నోటుబుక్కులో ఇంకో విషయం బయటపడింది. నొప్పి ఎక్కువున్న రోజులన్నీ గురువారాలు. బుధవారం మా ఆఫీసులో ఫైళ్లకి క్లిప్పులు పెట్టే రోజు. ఐదు నెలలుగా నాకది తట్టనే లేదు. ఇప్పుడు ఆ పని నాలుగు రోజులకి పంచుకున్నాను, ఎడమచేత్తో.

కొలత 7. చిటికెన వేలి కొస దాటి మొదటి గీత దాకా వెళ్తోంది.

పొద్దుటి బిగుతు ఉంది, పావుగంటలో వదులుతుంది. బొత్తాలు పెట్టుకుంటున్నాను. నాలుగోది ఇప్పటికీ కాస్త ఆలస్యమే, మొన్న రెండోసారికి పట్టింది.

---

చేతిపని

అక్కా, ఇది చదివి నేనూ మొత్తానికి థెరపీకి అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. 9 నెలలైంది, ఇప్పుడు మొదలుపెడితే లాభం ఉంటుందా?

---

కీలుమడత (హ్యాండ్ థెరపిస్ట్)

ఉంటుంది. మూడో నెలలో వచ్చినంత త్వరగా రాదు, కానీ వస్తుంది. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య బిగిసిందన్నారు కదా, ఆ కండని వెచ్చగా చేసి, రెండో చేతి బొటనవేలితో మెల్లగా రుద్ది సాగదీయండి. సాగదీసేటప్పుడు వేలి కొస పట్టుకుని లాగకండి. అలా చేస్తే నడిమి కీలు వదులవుతుంది, మొదలు కదలదు. చేతిని మొదటి ఎముక దగ్గర ఆనించి తెరవాలి. మొదటిరోజు మీ థెరపిస్ట్‌ని ఆ పట్టు చూపించమనండి.

---

ఎడమచేతివాటం

నీలిగువ్వ గారూ, మీ రెండో చెయ్యి ఎలా ఉంది? నాకు ఎడమది కూడా అరిగింది. మళ్లీ ఇదంతా పడాలా అని టెన్షన్‌గా ఉంది.

---

నీలిగువ్వ

నాదీ అరగడం మొదలైందండీ. ఇప్పుడే చేయించుకోను. ముందు ఈ చెయ్యి నన్ను మోయాలి. స్ప్లింట్, లావు పిడులు, క్లిప్పుల పని తగ్గించడం ఎడమచేతికీ మొదలుపెట్టాను. రేపు నిజంగా అవసరమైతే చేయించుకుంటాను కానీ, ఈసారి కట్టు విప్పకముందే మూడు ప్రశ్నలు అడుగుతాను: ఏం చేశారు, నడిమి కీలు ఎలా ఉంది, థెరపీ ఏ రోజు మొదలు. మీరూ అడగండి.